పైనేముంది?

మా ఊరు గట్టు నుంచి అత్త ఫోన్ చేసింది. "మీ మామ పోయిండు బిడ్డా" అంది. పొద్దున చాయ్ తాగి, మంచం మీద కూర్చుని, చెప్పుల కోసం వంగి అలాగే పక్కకు ఒరిగిపోయాడట. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఛాతీలో పట్టేసినట్టుందని కొన్నాళ్లుగా అంటూనే ఉన్నాడట. గద్వాల దవాఖానకు పోదాం పా అని అత్త బతిమాలితే, "నాకేమైతది, నడువ్" అన్నాడట. ఊరందరికీ ముందుగానే ప్రమాదం చూపించిన మనిషి! తన దగ్గరికి వచ్చేసరికి ఇదీ వరస.

మా మేనమామ ఫౌజులో చేసి వచ్చాడు. ఎక్కువ కాలం మంచుకొండల్లోనే కాపలా. అక్కడ కొండ మీది మంచు ఒక్కసారిగా జారి, తనతో కలిసి తిన్నవాళ్లను కప్పేయడం చూశాడు. దాని గురించి ఎంత గుచ్చి అడిగినా, "సప్పుడు ఇనపడేసరికే అయిపోతది" అనేవాడు, అంతే. కానీ అక్కడి నుంచి ఒక ప్రశ్నను మాత్రం మూటగట్టుకుని ఊరికి తెచ్చాడు. "పైనేముంది?"

ఆ ప్రశ్నతో ఆయన మమ్మల్ని సతాయించింది అంతా ఇంతా కాదు. గుట్ట పక్కన నీడ ఉంది కదా అని బండి ఆపితే, పైనేముంది? బండ చాటున కూర్చుని సద్ది విప్పితే, పైనేముంది? మా అక్క పెళ్లికి, వాన నీళ్లు దిగే ఒర్రె పక్కన టెంటు వేస్తుంటే అడ్డం నిలబడ్డాడు. నడి ఎండాకాలం. ఆ ఒర్రెలో నీళ్లు ఎప్పుడు పారాయో ఎవరికీ గుర్తు లేదు. "నీళ్లు లేకుంటే ఒర్రె గాకుండ పోతదా?" అని గుంజలు పీకించాడు. మగపెళ్లివారు దిగేసరికి సగం టెంటు ఇక్కడ, సగం అక్కడ. మా నాన్న తల పట్టుకున్నాడు. పెళ్లయ్యేదాకా ఒక్క చినుకు కూడా రాలలేదు. ఆ దెబ్బతో ఊళ్లో ఆయనకు 'పైనేముంది ఫౌజీ' అని పేరు పడిపోయింది.

నేను వనపర్తిలో పిల్లలకు ఆటలు నేర్పుతాను. చలికాలం సెలవు పెట్టి హిమాలయాలకు పోయి, గడ్డకట్టిన జలపాతాలు ఎక్కుతాను. చేతుల్లో రెండు మంచుగొడ్డళ్లు, బూట్లకు ఇనుప ముళ్లు. ఈ పిచ్చి అంటించింది మామే. గట్టు గుట్టల మీద నాకు మొదటిసారి తాడు కట్టింది ఆయనే. కట్టి ఊరుకోవచ్చు కదా!

ఒకసారి ఇంటి ముందు అత్త పల్లికాయ ఆరబోసింది. మామ నులక మంచాన్ని ఏటవాలుగా నిలబెట్టి, దాని మీద టార్పాలిన్ పరిచి, గంపెడు పల్లికాయ ఎత్తి పోశాడు. కుప్ప నిలిచింది. "ఇగ ఏలు పెట్టు" అన్నాడు నాతో. పెట్టాను. కుప్పంతా ఒక్కసారిగా జర్రున జారి నా కాళ్ల మీద, దుమ్ములో పడింది.

"సమజైందా? పాత మంచు మీద గట్టిగ పెచ్చు గడ్తది. గాలి కొత్త మంచు దెచ్చి దాని మీద పోస్తది. సూస్తె అంత ఒక్కటే లెక్కుంటది. జర ఎండ తగిలినా, నువ్వొక్క కాలు పెట్టినా సాలు."

"నీ సమజు మన్నుగాను! పల్లికాయంత మట్టిల గలిపినవ్ గదా!" అని అత్త చీపురు పట్టుకుని వచ్చింది. ఆమెను పట్టించుకుంటేనా?

"నువ్వెక్కేది ఒర్రెనే గదా పిల్లా. గడ్డగట్టినంత మాత్రాన ఒర్రె గాకుండ పోతదా? నీళ్లు దిగిన తొవ్వల్నే మంచు గూడ దిగుతది. మీరేమో కండ్ల ముందటి మంచుగడ్డనే సూస్తరు."

పోయిన చలికాలం హిమాలయాల్లోని స్పీతిలో, ఎన్నాళ్లుగానో అనుకుంటున్న జలపాతం కింద నిలబడ్డాను. ముందు రోజు గాలితో పాటు మంచు కురిసింది. ఆ పొద్దున కింద ఎండ కాసింది, పైన మాత్రం మబ్బు. సరిగ్గా అప్పుడే ఈయన ఫోన్.

"పైనేముంది?"

"కనపడ్తలేదు మామా, మబ్బు పట్టింది. గడ్డ మాత్రం రాయి లెక్క గట్టిగుంది."

"గడ్డ నిన్నేమనదు. కనపడకుంటే పైన లేనట్టా?"

అంత మాట విన్నాక గొడ్డళ్లు సంచిలో పెట్టేశాను. తిరిగి టెంటుకు వచ్చేశాను. మిగతావాళ్లు ఎక్కారు, దిగారు, చిందులేశారు, ఫోటోలు పెట్టారు. పైనుంచి గుప్పెడు మంచు కూడా రాలేదు.

ఊరికొచ్చి విరుచుకుపడ్డాను. "ఏమొచ్చింది మామా? ఏమన్న వచ్చిందా? అందరు ఎక్కిండ్రు. నేను టెంట్ల కూసోని వాళ్లకు చాయ్ కాసిన!"

ఆయన తాపీగా పల్లికాయ ఒలుస్తూ, "రాలేదు గాబట్టే తిట్టవట్టినవ్. వచ్చుంటే, నన్ను తిట్టనీకె నువ్వుంటుంటివా?" అన్నాడు.

ఆయన మాట తప్పనీ తేలదు, నిజమనీ తేలదు. అలాంటి మనిషితో వాదించి గెలిచేదెట్లా? మామా, నిన్ను ఎంత తిట్టుకున్నానో నీకు తెలియదు. నువ్వు లేకపోతే ఆ తాడు పట్టుకునేదాన్నే కాదు, అదీ నిజమే.

ఈ చలికాలం మళ్లీ అక్కడికే పోతున్నాను. టికెట్ తీసి ఉంది. పైదాకా ఎక్కి, ఫోటో తెచ్చి ఆయన కళ్ల ముందు పెట్టాలనుకున్నాను. ఆ ముచ్చట కూడా తీరనివ్వలేదు. ఇక ఆ జలపాతం కింద నిలబడితే ఫోన్ మోగదు. ఎక్కాలో, ఆగాలో నేనొక్కదాన్నే తేల్చుకోవాలి. ఇంతకాలం విసుక్కున్న ఆ ఫోన్ రాదంటే ఇప్పుడు భయమేస్తోంది.

పాడె లేచే వేళకు గట్టు చేరాను. శ్మశానం గుట్ట వెనక ఉంది. ఎండ మండిపోతోంది. దింపుడుకళ్లం దగ్గర, అంటే పాడె దించి చెవిలో చివరిసారి పేరు పెట్టి పిలిచే చోట, నీడ చూసుకుని పెద్ద బండ కింద దించబోయారు.

"ఆగుండ్రి! పైనేముంది?"

అందరూ నా వైపు తిరిగారు. అన్నది నేనేనని నాకు అప్పుడు గాని తెలియలేదు.

"ఇప్పుడు గూడనా, తల్లీ!" అని ముందు కొమ్ము మోస్తున్న పెద్దాయన విసుక్కున్నాడు. విసుక్కుంటూనే తలెత్తి చూశాడు. ఆయన వెనక మిగతా ముగ్గురూ చూశారు. కళ్లు తుడుచుకుంటూ అత్త కూడా చూసింది. బండ మీద ఇంకో బండ, ఎప్పుడూ ఉన్నట్టే ఒరిగి ఉంది. పాడెను మెల్లగా ఎండలోకి జరిపి దించారు.

మామ కొడుకు వంగి, చెవి దగ్గర నోరు పెట్టి "నాయినా" అని పిలిచాడు. మేమంతా ఇంకా పైకే చూస్తున్నాం.