లైటు కంటే ముందు మూసుకున్న పర్దా

నేను చెప్పేదాంట్లో సగం తీసేసి వినడం బోధన్‌లో నన్నెరిగినవాళ్ళకు అలవాటు. ఈసారి ఏమీ తీసెయ్యొద్దు. మా అవ్వ మీద ఒట్టు. అవ్వ ఇంకా బతికే ఉంది కాబట్టి అది ఉత్తుత్తి ఒట్టు కాదు. ఇందులో ప్రతి మాటా నిజం. దయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు. శ్మశానం పక్క తోటలో ఒంటరిగా కూర్చొని చెరుకు తిన్నవాణ్ణి.

ఇది జరిగిన టాకీసు ఒకప్పుడు బెల్లం గోదాం. తెర కట్టి, బెంచీలు వేసి హాలు చేశారు గానీ గోడల్లోంచి బెల్లం వాసన పోలేదు. వానాకాలంలో సినిమా చూస్తుంటే కాళ్ళ మీదికి చీమలెక్కేవి. ఎడమ పక్క జనానా, అంటే ఆడవాళ్ళు కూర్చునే చోటు. దానికీ మగవాళ్ళ బెంచీలకూ నడుమ ఒక ఇనుప తీగ, దానికి ఇత్తడి రింగులతో నీలం పర్దా.

లైట్లు ఆరాక పర్దా తెరవాలి, వెలిగే ముందు మూయాలి. రీలు తెగినా, ఇంటర్వెల్ వచ్చినా ఆపరేటర్ ముందు గంట కొడతాడు. గంట వినగానే ఖాలా తాడు గుంజుతుంది. ఊరందరికీ ఆ ముసలామె ఖాలాయే, అంటే పిన్నమ్మే, పేరు ఎవరికీ తెలియదు. పర్దా మూసుకున్నాకే లైటు. బురఖా వేసుకునే ఇళ్ళవాళ్ళూ, మాలాంటి ఇళ్ళవాళ్ళూ ఆ గంటను నమ్ముకొనే వచ్చేవాళ్ళు.

ఒకసారి మాట్నీలో గంట మోగకుండానే లైటు వెలిగింది. ఆపరేటర్ పొరపాటు. ఆడవాళ్ళు కొంగుల్లో మొహాలు దాచుకుంటుంటే బెంచీల మీద ఒకటే ఈలలు. మరుసటి రోజు బెంచీలు నిండిపోయాయి. టాకీసు యజమాని సేట్‌కు ఎందుకు నిండాయో అర్థమైంది. అప్పుడప్పుడు లైటు ముందు వేసి, గంట తర్వాత కొట్టమని ఆపరేటర్‌కు చెప్పాడు.

ఖాలా గేటు దగ్గర ఆయన్ను నిలదీయడం నేను విన్నాను.

“గా పిల్లలు నన్ను నమ్ముకొని వస్తుండ్రు సేట్. లైట్ ముందుగాల ఏస్తే నేనెట్ల గుంజాలె?”

“జల్ది గుంజుడు నేర్సుకో. ముసల్దానివైనవ్.”

“నీ ఇంటోళ్ళు లోపట కూసుంటే ఏస్తవా గిట్ల?”

సేట్ నవ్వుతూనే ఆమెను పనిలోంచి తీసేశాడు. ఆ నెలలోనే ఖాలా జ్వరంతో పోయింది. ఆమె జాగాలో పెట్టిన మనిషి తాడు మేకుకు చుట్టేసి, బయట పాన్ నములుతూ నిలబడేది.

మా చిన్నమ్మది రెంజల్, ఇచ్చింది బోధన్‌లో. ఆమె భర్త, మా చిన్నబాపు, ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. “టాకీస్ల అడుగువెట్టినవంటే బిడ్డను ఈడ్నే ఉంచుకొని నిన్ను రెంజల్ బస్ ఎక్కిస్త” అని నా ఎదుటే ఆమెతో అన్నాడు. అప్పటికి పాప ఇంకా పాలు మరవలేదు. అయినా ఆయన షిఫ్టులో ఉన్న మధ్యాహ్నాలు చిన్నమ్మ పాపను పక్కింట్లో పడుకోబెట్టి సినిమాకు వచ్చేది.

ఒక రోజు ఆయన షిఫ్టు మారింది. ఆట మొదలయ్యాక చిన్నబాపు వచ్చి నా ముందు బెంచీలోనే కూర్చున్నాడు. జనానాలో చిన్నమ్మ ఉంది. తెర వెలుతురుకు ఆమె ముక్కుపుడక మెరవడం, ఉందని తెలిసిన నాకు కనబడుతోంది. అటువైపు మగవాళ్ళు పోరాదు, చెప్పి పంపుదామంటే మనిషి లేదు.

రీలు తెగింది. గంట మోగలేదు. లైటు వెలగబోయే ముందు ఇత్తడి రింగులు తీగ మీద గరగరమంటూ పరుగెత్తాయి. వెలుతురులో చిన్నబాపుకు కనబడింది నీలం గుడ్డ ఒక్కటే. తాడు మేకుకు చుట్టినట్టే ఉంది.

ఆ తర్వాత ప్రతిసారీ అంతే. సేట్‌కు ఒళ్ళు మండి పర్దా పీకించాడు. ఉత్త తీగ, రింగులు మిగిలాయి. అయినా లైటు వెలిగేముందు ఆ గరగర ఆగలేదు. నేనే రింగులన్నీ అవతలి కొసకు జరిపి గోనె సుతిలితో బిగించి చూశాను. ఆట వదిలాక రింగులు ఇవతలి కొసన ఉన్నాయి. సుతిలి అవతలి కొసన, ముడి ముడిగానే వేలాడుతోంది.

ఇప్పుడది మళ్ళీ గోదామే, ఎరువు బస్తాలు వేస్తారు. స్విచ్చు వేయబోతే పైన ఏదో జరిగిన చప్పుడు వస్తుందని హమాలీలంటారు.

ఇక ఒట్టు సంగతి. ఇందులో ఒకటి నేను కల్పించాను. ఆ రోజు పర్దా మూసుకోలేదు.

చిన్నబాపు చూశాడు. తనను చూశాడని చిన్నమ్మకూ తెలిసింది. ఆయన లేవలేదు, అరవలేదు. రీలు అతికించాక తెర వైపు తిరిగి సినిమా చివరిదాకా చూశాడు. పాట వస్తే బెంచీ మీద తాళం కూడా వేశాడు. చిన్నమ్మ అంతసేపూ అక్కడే కూర్చుంది. ఆట వదిలాక గేటు దగ్గర ఆయన అడిగింది ఒక్కటే.

“మంచిగుందా సైన్మా?”

సాయంత్రం బస్సు ఎక్కించాడు. పాపను ఇవ్వలేదు. ఆ సంగతి ఊళ్ళో పాకాక జనానాకు ఎవరూ రాలేదు. సేట్ పర్దా పీకించింది కోపంతో కాదు, ఇక దాంతో పని లేకనే.

ఆ పాప ఇప్పుడు పెళ్ళీడుకొచ్చింది. పర్దా మూసుకున్న కథ నేను మొదట చెప్పింది ఆమెకే. అబద్ధమని ఆమెకు తెలుసు. అయినా, “ఇంకోపారి చెప్పవా అన్నా” అంటుంది.

రింగుల సంగతి మాత్రం నిజం, అవ్వ మీద మళ్ళీ ఒట్టు. కాకపోతే అది మొదలైంది చిన్నమ్మ రెంజల్ వెళ్ళిపోయాక, పర్దా పీకేశాక. కప్పడానికి గుడ్డ లేదు, వెనక ఆడమనిషి లేదు, అయినా ఆటాటకూ పరుగెత్తాయి. ఆ ఒక్క మధ్యాహ్నం ఎందుకు కదల్లేదో నాకు ఈనాటికీ తెలియదు.