అరవై ఒక్క రోజుల బదులు

పోయిన వస్తువులు పది. ఇనుప పెట్టె ఒకటి, రగ్గులు నాలుగు, కిరసనాయిలు స్టవ్వు ఒకటి, రబ్బరు బూట్లు రెండు జతలు, రొట్టెల పెనం ఒకటి, నా చేతి గడియారం ఒకటి. ఇవి కాక నా భార్య ఒంట్లోంచి తొమ్మిది కిలోలు పోయాయి. ఏడు తిరిగి వచ్చాయి కాబట్టి రెండే రాయాలి. ఇద్దరివీ కలిపి అరవై ఒక్క పని రోజులు కూడా ఉన్నాయి గానీ, అవి పోయినవి కావు. వేరేవాళ్లు మాకు ఇచ్చినవి. వాటి సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను చదివింది నాలుగో తరగతి. మిగతా లెక్కలు కట్టల మీద, కాలువల మీద మట్టి తవ్వుతూ నేర్చుకున్నాను. గుంత లోతు తెలియడానికి నడుమ ఒక మట్టి దిమ్మె వదిలేస్తారు. దాని ఎత్తు కొలిచి, పొడవుతో వెడల్పుతో హెచ్చవేసి నోటితో చెప్పేవాణ్ణి. ఇంజనీరు కాగితం మీద వేసినా అదే వచ్చేది. అట్లా మా గుంపులో హాజరీ రాసే పని నాకు వచ్చింది. పాలమూరు నుంచి గుంపులు ఎక్కడెక్కడికో పోతాయి. తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు మా గుంపు హిమాచల్‌లో ఒక నది పక్కన సొరంగం పనికి పోయింది. ముప్పై నాలుగు మందిమి. నేను, నా భార్య కూడా అందులో ఒక జత.

మొదటి రెండు నెలలు బాగానే గడిచాయి. చలి ముదిరాక ఆమెకు ఆయాసం మొదలైంది. సొరంగం నోటి దగ్గర రాళ్లు ఎత్తే పని ఆమెది. రాతి దుమ్ము, మంచు గాలి కలిసి లోపలికి పోయేవి. క్యాంపులో ఉండే కంపౌండరు నా చేతి గడియారం చూసి ఒక పని చెప్పాడు. ఆమె ఊపిరి నిమిషానికి ఎన్నిసార్లు తీస్తోందో లెక్కపెట్టమన్నాడు. ఇరవై అయిదు దాటితే తనకు చెప్పాలి. ముప్పై దాటితే తనకు చెప్పడం దండగ, కిందికి తీసుకుపోవాలి.

లెక్కపెట్టడం నాకు చేతనైన పనే. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం హాజరీ పుస్తకం వెనక పేజీలో రాసేవాణ్ణి. ఇరవై రెండు, ఇరవై నాలుగు, ఇరవై మూడు, ఇరవై ఏడు.

"లెక్క ఆపు జర," అనేది ఆమె. "నువ్వు గట్ల గడియారం పట్టుకోని సూస్తుంటే నాకు ఇంకింత ఎక్కువైతాంది."

అప్పటినుంచి ఆమె చూడకుండా లెక్కపెట్టాను. ఒక సోమవారం పొద్దున ముప్పై రెండు వచ్చింది. నమ్మక మళ్లీ లెక్కపెట్టాను. ముప్పై మూడు.

కంపౌండరు వచ్చి చూశాడు. "మందులతో కొన్నాళ్లు నెట్టుకురావచ్చు. కానీ ఈమెకు అసలు మందు వెచ్చని ఊరు. గురువారం సామాన్ల ట్రక్కు కిందికి పోతుంది. మంచు పడితే ఆ తర్వాతి ట్రక్కు ఎప్పుడో నేనే కాదు, ఎవరూ చెప్పలేరు," అన్నాడు హిందీలో.

సోమవారం నుంచి గురువారానికి మూడు రోజులు. మేము పని చేయాల్సిన గడువు ఇంకా ఇరవై నాలుగు రోజులుంది. నావి ఇరవై నాలుగు, ఆమెవి ఇరవై నాలుగు, ఆమె మంచాన పడి మానేసినవి పదమూడు. మొత్తం అరవై ఒకటి. ముందుగానే అడ్వాన్సు తీసుకుని వచ్చినవాళ్లం కాబట్టి ఆ రోజులు నింపకుండా కదలడానికి లేదు. ఆ లెక్క రాసింది నేనే.

గుంపు మేస్త్రి మా పక్క ఊరివాడే. చెడ్డవాడు కాదు, కానీ అతని మీద ఇంకొక కంట్రాక్టరు ఉన్నాడు.

"నీకు నేను చెప్పాల్నా లెక్కలాయనా? ఇయ్యాల నిన్ను ఇడ్సిపెడితే రేపు ఇంకొకడు కడుపునొప్పి అంటడు. అరవై ఒకటి ఎవడు నింపుతడు? నేను నింపాల్నా?"

"ఆమె ఊపిరి ముప్పై మూడుంది అన్నా."

"ఊపిరి హాజరీల రాస్తమా?"

మంగళవారం ముప్పై నాలుగు. పెదవుల రంగు మారింది. మధ్యాహ్నం నుంచి ఆకాశం కిందికి దిగి సన్నగా మంచు పడింది. ట్రక్కు డ్రైవరు వచ్చి, మంచులో జారకుండా కట్టే గొలుసులు చక్రాలకు సరిపోతాయో లేదో చూసుకున్నాడు. నేను పనిలో ఉన్నా కళ్లు ఆ చక్రాల మీదే ఉన్నాయి.

బుధవారం మధ్యాహ్నం అందరూ రొట్టెలు తినడానికి రేకుల షెడ్డులో కూర్చున్నారు. గుంపుకు రొట్టెలు చేసేది ఒక ముసలామె. అందరం పెద్దవ్వ అనేవాళ్లం. పెనం దించి పక్కన పెట్టి ఆమె ఎవరినీ చూడకుండా అన్నది:

"నాట్లకు బదులు పోతం గదా మనం? గిప్పుడు ఏమైంది అందరికి? నోట్ల రొట్టె ఉంటే మాట రాదా?"

మా వైపు బదులు అంటే తెలియని ఇల్లు లేదు. నీ చెలకలో నేను ఒక రోజు పని చేస్తే నా చెలకలో నువ్వు ఒక రోజు చేయాలి. రోజుకు రోజే. డబ్బు ఉండదు.

"మన గడువు అయినంక ఉండి చేద్దాం. నా పేరు మీద అయిదు రాయి," అన్నది పెద్దవ్వ. "ఊర్ల నా చెలక కలుపు మీరిద్దరు తియ్యుండ్రి."

"అవ్వా, నీ చెలకల కలుపు అయిదు దినాలల్ల అయితదా? ఇరవై అడుగు," అన్నాడెవడో. అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే ఒకరు రెండు అన్నారు, ఒకరు మూడు. నేను హాజరీ పుస్తకం తీసి రాయడం మొదలుపెట్టాను. అంతకుముందు, ఆ తర్వాత ఎప్పుడూ నా అంకెలు అంత వంకరగా లేవు. కొందరు తల వంచుకుని తిన్నారు. వాళ్లను తప్పుపట్టను. గడువు దాటి ఆ చలిలో ఒక రోజు ఉండడం అంటే ఏమిటో అందరికీ తెలుసు.

ఇరవై రెండు మంది చెప్పారు. కూడితే యాభై అయిదు. ఇంకా ఆరు కావాలి.

అందరూ చెప్పాక మిగిలింది సమ్మెట పట్టే మనిషి. దేవరకద్ర వైపు వాడు, ఒంటరిగా వచ్చినవాడు. నాతో మాట్లాడడు. ఎందుకు మాట్లాడడో నాకు తెలుసు. పొద్దున ఏడు గంటలకు హాజరీ. పావుగంట దాటితే సగం రోజు కోయాలి. అతని బూట్లు చిరిగి, లోపల గోనెసంచి ముక్కలు కుక్కుకునేవాడు. రాత్రికి అవి గడ్డకట్టేవి. పొద్దున పొయ్యి దగ్గర వెచ్చబెట్టుకుని వచ్చేసరికి ఒకసారి పద్దెనిమిది నిమిషాలు, ఒకసారి ఇరవై, ఒకసారి ఇరవై అయిదు. మూడుసార్లూ నేను సగం కోశాను. అయిదు పది నిమిషాలు చూసీ చూడనట్టు వదిలేసే అధికారం నాకు ఉంది. వదలలేదు. నా గడియారం తప్పు చూపదని నా నమ్మకం.

అతను లేచి చేయి కడుక్కున్నాడు.

"లెక్కలాయనా, ఇరవై నిమిషాలు లేటయితే సగం దినం పోతది గదా మీ లెక్కల?"

"పోతది," అన్నాను.

"మీ ఇంటామె పదమూడు దినాలు పండుకుంది. గామెకు ఎంత కోసినవ్?"

బయట ట్రక్కు ఇంజను వేడి చేస్తున్న శబ్దం.

"పదమూడుకు పదమూడు కోసిన," అన్నాను.

అతను నన్ను చూశాడు. తర్వాత నవ్వినట్టే అనిపించింది. "అయితే మంచిగనే రాస్తవు. ఆరు రాయి నా పేరు మీద. సగం గాదు, నిండుగ ఆరు."

మేస్త్రి పుస్తకం తీసుకుని రెండుసార్లు కూడాడు. సంతకం పెట్టాడు.

గురువారం పొద్దున ట్రక్కు ముందు సీట్లో ఆమెను కూర్చోబెట్టారు. జాగా లేక పెట్టె, స్టవ్వు, పెనం, బూట్లు అక్కడే వదిలేశాం. ఆరు రగ్గుల్లో రెండు ఆమెకు చుట్టాను, నాలుగు వదిలేశాం. కిందికి దిగి, రెండు బస్సులు మారి చండీగఢ్, అక్కడినుంచి ఢిల్లీ. ఢిల్లీ స్టేషన్ తోపులాటలో నా చేతి గడియారం పోయింది. రైలు కదిలాక చూసుకున్నాను.

ఫోనులో చార్జింగు కొండ మీదే అయిపోయింది; గడియారం లేకపోతే నిమిషం లేదు. నిమిషం లేకపోతే ఆమె ఎట్లా ఉందో నాకు తెలియదు. కరెంటు స్తంభాలతో లెక్కపెట్టి చూశాను. రైలు నెమ్మదిస్తే స్తంభాలూ నెమ్మదిస్తాయి, అది పనికిరాదు. పక్కవాళ్లను గడియారం ఎన్నిసార్లని అడుగుతాం? చివరికి నా ఊపిరినే కొలతగా పెట్టుకున్నాను. మామూలుగా నాది నిమిషానికి పదహారు. నేను ఒకసారి తీసేలోపు ఆమె రెండుసార్లు తీస్తోంది. అంటే ముప్పై రెండు. భయంలో నా ఊపిరి కూడా పెరిగితే ఆ లెక్క తప్పు. కాబట్టి భయపడకుండా ఉండాలి. అంతకంటే కష్టమైన పని నేను ఏ కట్ట మీదా చేయలేదు.

మరునాడు ఇటార్సీ దాటాక ఆమె తనే కిటికీ తెరవమంది. గాలి పొడిగా, వెచ్చగా తగిలింది. నా రెండు ఊపిర్లకు ఆమెవి మూడు.

"మల్ల లెక్కవెడ్తున్నవా?" అంది కళ్లు మూసుకునే.

"లేదు."

"అబద్ధం. పెదవులు కదులుతున్నయ్."

కాచిగూడలో దిగి షాద్‌నగర్ పోయే బండి ఎక్కాం. సొంత ఊళ్లో ఎకరం పది గుంటల చెలక, ఎండిన బోరు తప్ప ఏమీ లేవు. షాద్‌నగర్‌లో కంపెనీలు ఉన్నాయి, దవాఖాన దగ్గర. మొదట ఒక పత్తి మిల్లులో పని దొరికింది, మిల్లు పక్కనే గది. మూడు రోజుల్లో పత్తి ధూళికి ఆమె లెక్క మళ్లీ ఇరవై ఎనిమిదికి ఎక్కింది. నాలుగో రోజు గది ఖాళీ చేశాం. పదకొండు రోజులు పని లేకుండా తిరిగాక, లారీల్లోకి ఎక్కే సిమెంటు రేకులు లెక్కపెట్టే పని దొరికింది. ఊరి అంచున రేకుల గది కిరాయికి తీసుకున్నాం. ఎండాకాలం మధ్యాహ్నాలు వాడంతా చెట్ల నీడకు పోతే ఆమె ఒక్కతే ఆ రేకుల కింద కూర్చుని ఉల్లిగడ్డలు కోసేది. "పిచ్చా ఏంది నీకు?" అని పక్కింటామె అడిగితే, "నేను సూసిన సలి నువ్వు సూడలే," అనేది.

ఆ తర్వాత బదులు తీర్చడం మొదలైంది. సెలవు దొరికిన ఆదివారం, నాట్లప్పుడు రెండు మూడు రోజులు, పత్తి ఏరేటప్పుడు ఇంకొన్ని. పెద్దవ్వ దగ్గరికి మొదటిసారి పోయినప్పుడు ఒక తప్పు చేశాను. ఆ వారం సెలవు దొరకలేదు, అయిదు రోజుల కూలి లెక్కగట్టి ఆమె చేతిలో పెట్టాను.

"నేను నీకు అంగట్ల అమ్మిన్నా?" అని ఆమె నోట్లు నా జేబులో కుక్కింది. "కలుపు నిలబడి నవ్వుతాంది. రూపాయలు పోయి పీకుతయా దాన్ని?"

పుణె వెళ్లిపోయిన ఒక జంటకు బదులు వాళ్ల అమ్మ పొలంలో చేశాం. ఆరేళ్లలో యాభై అయిదు తీరాయి. నావి ముప్పై ఆరు, ఆమెవి పంతొమ్మిది. ఆ పంతొమ్మిది రోజులూ ఆమె ఎండలో వంగి పని చేసింది. సాయంత్రాలు దూరం నుంచి లెక్కపెడితే ఒక్కసారి కూడా ఇరవై రెండు దాటలేదు.

ఇక మిగిలినవి సమ్మెట మనిషివి ఆరు. అతని దగ్గరికి అంతకుముందే మూడుసార్లు పోయాను. ఊరి చివర చర్చి పక్క వాడలో ఇల్లు. భూమి లేదు.

"బదులు చేయనీకి నాకు చెలక ఏడుంది లెక్కలాయనా?" అని నవ్వి చాయ తాగించి పంపేవాడు.

పెద్దవ్వ చెలకలో చివరిరోజు కలుపు తీస్తుంటే ఆమె మాటల్లో ఇంకో సంగతి బయటపడింది. మాకోసం ఉన్నవాళ్లలో అందరికంటే ఎక్కువ రోజులు ఉన్నది అతనే. అందరూ ముందే దిగిపోయారు. ఆరు రోజులు నింపి దిగుదామనుకునే సరికి మంచుకు దారి మూసుకుపోయింది. పని లేదు, హాజరీ లేదు. అయిదు రోజులు ఆ రేకుల షెడ్డులో ఒక్కడే ఉన్నాడు.

"మీ నాలుగు రగ్గులు ఉన్నయ్ గదా, అవి కప్పుకున్నడట," అంది పెద్దవ్వ.

అతను నాకు ఎప్పుడూ చెప్పలేదు.

పోయిన ఏడాది అతను ఇల్లు కట్టుకున్నాడు, ఒక గది, ముందు వసారా. స్లాబు వేసే రోజు తెలుసుకుని ఇద్దరం పోయాం. పొద్దున నుంచి సాయంత్రం దాకా కాంక్రీటు తట్టలు అందించాను. నా చేతుల మీదుగా పోయినవి నూట పన్నెండు. నా భార్య నీళ్లు మోసింది. పని అయ్యాక చేతులు కడుక్కుంటూ, "ఇయ్యాలటివి ఇద్దరివి రెండు దినాలు నా బాకీలకెళ్లి తీసేస్త," అన్నాను.

"అది గుత్తకిచ్చిన పని. మీరు రాకున్నా అయిపోతుండె. చుట్టాల లెక్క వచ్చిండ్రు, కోడి కోసిన, తినుండ్రి. చుట్టమొచ్చిన దినం హాజరీల రాస్తరా ఎక్కడన్న?"

"మరి ఆ మూడు సగాలు," అన్నాను. అన్నేళ్లకు నోరు పెగిలింది.

అతను తువ్వాలతో పాదాలు తుడుచుకుంటున్నాడు. కుడికాలి వేళ్ల మీద చర్మం ఆ మంచుకు మాడి ఇప్పటికీ నల్లగానే ఉంది.

"లేటే వచ్చిన గదా. నువ్వు తప్పు రాయలే," అన్నాడు.

నా భార్యను పిలిచి ముక్కలు ఇంకొన్ని వేసుకోమన్నాడు. "మంచిగ ఊపిరాడుతాందా చెల్లె?" అని అడిగాడు. ఆమె నవ్వి, ఆయన్నే అడగమని నన్ను చూపించింది.

ఈ పొద్దున ఆమె బియ్యం ఏరుతుంటే చూడకుండా లెక్కపెట్టాను. పదహారు. నాది పదిహేడు.

హాజరీ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. అతని పేరు ఎదురుగా ముందు ఆరు అని రాసి ఉంది. దాని కింద, నేను కోసిన మూడు సగాలకు ఒకటిన్నర చేర్చాను. పెద్దవ్వ చెప్పిన రోజు అయిదు చేర్చాను. స్లాబు రోజువి అతను ఒప్పుకోలేదు కాబట్టి తీసివేయలేదు. ఈ రోజుకు నిలిచినవి పన్నెండున్నర రోజులు.