కార్డు మీద ఖాళీ జాగా

మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని మన ఆడవాళ్లకు ఎవడు చెప్పాడో గానీ, వాడి నోట్లో మన్ను పడ! కోడుమూరు పక్క పల్లెలో గిడ్డమ్మ ఒక్క ఉత్తరం రాయించడానికి పడిన పాట్లు ఇన్నీ అన్నీ కావు.

ఆమె మొగుడు ఉరుకుందప్ప యాభై ఆరులో నాగార్జునసాగరం కట్ట పనికి, రాళ్లు కొట్టే గుంపుతో వెళ్లాడు. ఒక్క పంట కాలం అన్నాడు. మూడేళ్లయింది. మనిషి రాలేదు, అప్పుడప్పుడు కార్డు వచ్చేది.

జవాబు రాయించాలంటే మిషను బడి ఐవారు ఏసేపే దిక్కు. ఊరి తపాలా సంచీ కూడా ఆయన దగ్గరే ఉండేది. మొదటిసారి ఆయన చిరునామాకు మొగుడి పేరడిగితే గిడ్డమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"శ్రావణంలో ఈరన్నసామి జాతర అయితాదే, ఆ ఊరి పేరే ఐవారూ!"

ఆ ఊరు ఉరుకుంద అని ఐవారికి తెలుసు. సరే, పేరు గండం గడిచింది. "ఏం రాయాలమ్మా?" అంటే ఏం చెబుతుంది? ఎదురుగా పరాయి మగవాడు, పక్కన అత్త మహాదేవమ్మ. "అందరం బాగుండామని రాయండి" అనేది. మూడు వరుసలతో సరి. అక్కడి నుంచి ఉరుకుందప్ప తరఫున గుంపు మేస్త్రీ రాసేదీ అంతే. క్షేమాలు పోయేవి, క్షేమాలు వచ్చేవి. వేడి రొట్టె పెనం మీంచి తీసిన ప్రతిసారీ ఆయప్ప గుర్తొచ్చి గొంతుకు అడ్డం పడుతుందన్న సంగతి మాత్రం ఏ కార్డూ ఎక్కలేదు.

ఒకరోజు ఐవారి చేతిలో కార్డు చూసి ఆమెకు ఒళ్లు మండింది. "ఇంత జాగా ఊరికే పోతాంది గదా!" అనుకుంది. ముప్పై ఏళ్ల వయసులో, ఏసేపు భార్య మార్తమ్మ దగ్గర అక్షరాలు దిద్దడం మొదలుపెట్టింది. ఊళ్లో నవ్వనివాళ్లు లేరు.

"రోజూ నువ్వు చేసిన పని రాయి, చేయి తిరుగుతాది" అంది మార్తమ్మ. గిడ్డమ్మ మధ్యాహ్నాలు ఇంట్లో నాపబండ మీద సుద్దముక్కతో రాసేది, చదువుకునేది, తడిగుడ్డతో తుడిచేసేది. ఒకరోజు తుడవడం మరిచింది. మర్నాడు దాని కిందే రాసింది. నాలుగో రోజుకు బండ నిండింది.

కంది చేనికి గుంటక తోలినాను. వానకు కూలిన గోడ లేపినాను. బావిలో పూడిక తీయించినాను. మన చేన్లోకి గట్టు జరిపిన సుబ్బయ్యతో నలుగుర్లో మాట్లాడి గట్టు వెనక్కి జరిపించినాను.

నిలబడి పైనుంచి కిందికి చదువుకుంది. "ఓయమ్మా! ఇవన్నీ నేనే చేసినానా?" అంది. అంతకుముందు ఎవరైనా అడిగితే "ఏముండాది, ఇంటి పనే గదా" అనేది. అదంతా తనొక్కతే చేయగలిగిందని ఆమెకు ఆ పూటే తెలిసింది. నడుం మీద చేతులు పెట్టుకుని ఒక్కతే నవ్వుకుంది.

ఆ బండ మీదదంతా కార్డుకెక్కించింది, అంచు నుంచి అంచు దాకా. చిరునామా దగ్గర చేయి ఆగిపోయింది. మహాదేవమ్మ వక్క నములుతూ చూసింది.

"నోటితో అనగూడదు గానీ, చేత్తో రాయగూడదని ఎవురన్నారే? రాయి!"

రాసింది. పెళ్లయిన పద్నాలుగేళ్లకు మొగుడి పేరు చేతిలోకి వచ్చింది. సిరా ఆరేదాకా చూస్తూనే ఉంది. ఆ మనిషే పక్కన కూర్చున్నట్టయి కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇరవై రోజులకు జవాబొచ్చింది. మేస్త్రీ చేతిరాత. "ఇల్లూ చేనూ నువ్వే చక్కగా చూసుకుంటున్నావు. నాకు నిబ్బరంగా ఉంది. ఇంకో రెండేళ్లు ఇక్కడే ఉంటాను."

గిడ్డమ్మ గడపలోనే కూలబడింది. "నా చేత్తో నేనే ఆపుకుంటినే ఆయప్పను!" అంది. నిజమే మరి. చేసినవన్నీ రాసింది, 'రా' అన్న మాట ఒక్కటి తప్ప. రెండు రోజులు సుద్దముక్క ముట్టలేదు. మూడో రోజు ఇంకో కార్డు రాసి, తలెత్తుకుని పోయి ఐవారి చేతిలో పెట్టింది.

ముద్ర వేయబోతుంటే ఏసేపు కళ్లు దాని మీద పడ్డాయి. "అన్ని పనులూ నాకు శాతనయితాయి. నువ్వు లేకుండా ఉండేదొక్కటే శాతగాలేదు. రా."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, కార్డు గదా, దోవ పొడుగునా అందరూ సదువుతారు. కవరు ఇయ్యమంటావా?"

"వద్దు ఐవారూ. ఆయప్పకు సదువు రాదు, ఎట్లయినా ఒకరు సదివి చెప్పాల్సిందే. కింద ఇంకో ముక్క ఉండాది, చూడండి."

చూశాడు. అడుగున మిగిలిన కొద్ది జాగాలో ఇరికించి రాసి ఉంది: "మేస్త్రీ గారూ, ఇది గుంపంతా వినేట్టు గట్టిగా సదవండి."