నీళ్ళు వెనక్కి పోతున్నాయన్న పిల్ల

సహోదరులారా, అక్కలారా, మధ్యాహ్నం పూట గాలి ఆగిపోతే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. మా పాప కెజియాకు ఐదేళ్ళప్పుడు జ్వరం సరిగ్గా అట్లాంటి వేళకే వచ్చేది. పులికాట్ ఒడ్డున మా ఇల్లు మీకు తెలుసు, మా ఆయన రొయ్యలు పడతాడు, నేను గంప ఎత్తుకుని అమ్ముకొస్తాను, నా గొంతు కూడా మీకు తెలిసిందే, మైకు అక్కర్లేదు! పొద్దున ఆడుకున్న పిల్ల మధ్యాహ్నానికి గడగడా వణికేది, రాకెట్ లేచినప్పుడు మా కిటికీలు అదిరినట్టు మంచం అదిరేది. కాంపౌండరు మాత్రలిస్తే తగ్గేది, మళ్ళీ వచ్చేది. అట్లా ఏడాది గడిచింది.

ఒకరోజు ఆ వణుకులో పిల్ల కళ్ళు తెరిచింది. నా వైపు చూడలేదు, మంచం కిందికి చూసింది. ఏడుపు లేదు, భయం లేదు, పెద్ద మనిషి చెప్పినట్టు నిదానంగా చెప్పింది.

"అమ్మా, నీళ్ళు ఎనక్కి పోతుండాయి."

నేను బయటికి వచ్చి చూశాను. పోటు తగిలి, సరస్సు సముద్రంలో కలిసే ముఖద్వారంలో నుంచి సముద్రం లోపలికి తోస్తోంది, సరస్సు నీళ్ళు నిజంగానే వెనక్కి నడుస్తున్నాయి! అది మాకు రోజూ చూసే సంగతే, కానీ తలుపులు మూసిన గదిలో పడుకున్న పిల్లకు ఎట్లా తెలిసింది? ఆ తర్వాత ప్రతి జ్వరంలోనూ అదే మాట, అదే గొంతు.

మా మరిది, పిల్ల పుట్టకముందే, ఆ ముఖద్వారం దగ్గర మునిగిపోయాడు. ఎదురొచ్చిన నీళ్ళే అతని శవాన్ని మా రేవుకు తెచ్చాయి. మా అత్తకు ఇంక వేరే ఆలోచన లేదు. "వాడే పిలస్తుండాడు, బిడ్డకి నీళ్ళు చూపీబాకండి," అంది. కిటికీలు మూసింది, నీళ్ళ బిందె వంటింటి మూలకు జరిపింది, పిల్ల దాహమంటే గుక్కెడు పోసి గ్లాసు దాచేసేది. నేను ప్రభువును నమ్ముకున్నదాన్నే కదా, అయినా ఆ గదిలోకి ఒంటరిగా వెళ్ళేదాన్ని కాదు. పిల్లేమో మూత్రానికి వెళ్ళాలంటే మంటని ఏడ్చి బిగబట్టుకునేది, ఆ మంట సంగతి మేమెవరమూ పట్టించుకోలేదు, మా చెవుల్లో ఆ ఒక్క మాటే మోగుతుండేది.

చివరికి పాస్టరమ్మ గారి ముందు మోకరించి ఏడుస్తూ ప్రార్థించాను. "ప్రభువా, నా బిడ్డ నోట మాట్లాడేది ఎవరో నాకు తెలియదు, నువ్వు ఆ మాట కన్నా పెద్దవాడివి, అదేంటో నాకు తెలియజెయ్యి తండ్రీ!" ఆమేన్ అన్నాక పాస్టరమ్మ గారు కళ్ళు తుడుచుకుని, పిల్లని రేపే నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమన్నారు, ప్రార్థన బస్సులో కూడా చెయ్యొచ్చన్నారు.

అక్కడ మూత్ర పరీక్ష చేశారు, స్కానింగ్ తీశారు, సన్నటి గొట్టంతో మందు నీళ్ళు ఎక్కించి పిల్ల మూత్రం పోస్తుండగా ఎక్స్‌రే తీశారు. డాక్టరమ్మ ఆ బొమ్మను వెలుతురులో పెట్టి చూపించింది.

"చూడమ్మా, కిందికి రావలసిన నీళ్ళు వెనక్కి పోతున్నాయి, కిడ్నీల్లోకి."

సహోదరులారా, ఆ మాట మళ్ళీ చెప్పమని డాక్టరమ్మను అడిగాను! మా ఆయన కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు. మా బిడ్డ ప్రతి జ్వరంలోనూ చెప్పిన మాట అదే, మేము సరస్సు వైపు చూశాం, పిల్లేమో తన కడుపులో సంగతి చెప్పింది! ఎడమ కిడ్నీకి అప్పటికే మచ్చ పడిందట, ఇట్లాగే జ్వరాలొస్తే కిడ్నీ దక్కదన్నారు. కోత లేదు, కుట్లు లేవు, మూత్రం దారిలోనే సన్నటి దుర్బిణి గొట్టం పంపి, నీళ్ళు ఎదురెక్కే ద్వారం దగ్గర సూదితో కాస్త జెల్ పెడితే చిన్న మిట్టలా లేచి ఆ దారి బిగుస్తుందన్నారు. ఇసుక మేటలు తొలగి ముఖద్వారం తెరుచుకోవాలని ఏటేటా మోకరించే సంఘం మనది, ఆ రోజు మా ఆయన ఆపరేషన్ గది బయట చేతులెత్తి, "అయ్యా, ఈ ఒక్క ద్వారం దగ్గిర మేట ఎయ్యి," అని అడిగాడు!

కాసేపటికే పిల్లని బయటికి తెచ్చారు. మత్తు ఇంకా వదల్లేదు. కళ్ళు తెరిచి, నా వైపు చూడకుండా, "అమ్మా, నీళ్ళు..." అంది. మా అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పిల్ల మెల్లగా మొహం నా వైపు తిప్పింది.

"దాహంగా ఉండాది."

నర్సమ్మ సరేనన్నాక గ్లాసు తెచ్చి తాగించింది ఎవరనుకున్నారు? మా అత్తే. ఏడుస్తూ తాగించింది.

నెలల తర్వాత మళ్ళీ ఎక్స్‌రే తీస్తే నీళ్ళు వెనక్కి పోవడం లేదు, జ్వరం మళ్ళీ రాలేదు, దేవునికే మహిమ! ఆ మాట ఎందుకన్నావే అని పిల్లని అడిగితే, నేనెప్పుడన్నానని నన్నే ఎదురడిగింది. అది ఎవరి మాటో నాకు ఇప్పుడు తెలుసు, చచ్చినవాడిది కాదు, నేను మోకరించి అడగకముందే నాకు జవాబు చెబుతూ వచ్చినవాడిది. మీ ఇంట్లోనూ పిల్లలకు ఊరికే జ్వరాలొస్తుంటే భయపడి తలుపులు మూయకండి, ఆయన్ని నమ్మి ఆసుపత్రికి బయలుదేరండి, బస్సులో మీ పక్కన ఆయన కూర్చుంటాడు. ముందు బిడ్డకు కడుపు నిండా నీళ్ళు తాగించండి. ఆమేన్.