పసుపు తీగ

తీగ కొస రంధ్రంలో దిగేటప్పుడు టిక్కుమంటుంది. ఈ ఉదయం ఆ చప్పుడు వినగానే నా చేతులు ఆగలేదు. ఇంకో తీగ, ఇంకో తీగ. పక్కన చాయ్ చల్లారిపోయింది. కుదురులేని మనిషిని నేను. ఆ చేతులకు ఒక పని చూపించింది వసుంధరక్క.

ఆమె బ్యాంకు ఉద్యోగం మీద వరంగల్ నుంచి సూరత్ వచ్చింది. అక్కడి లింబాయత్‌లో, మగ్గాలు నడిపే తెలుగువాళ్లుండే మా సందు చివర అద్దెకుండేది. ఆదివారాలు ఆమె ఇంట్లో కరెంటుతో శబ్దాలు పుట్టించే ఒక చిన్న అనలాగ్ సింథసైజర్ ముందు కూర్చునేవాళ్లం. కొత్తవాళ్ల కోసం చేసిన పెట్టె. తిప్పే గుండీలు, వరసగా రంధ్రాలు. ఏ రంధ్రం నుంచి ఏ రంధ్రానికి తీగ వేస్తే దానికి తగ్గ శబ్దం. ఆ శబ్దాన్ని పెట్టెలో దాచుకోవడం కుదరదు. తీగ పీకితే శబ్దం పోయినట్టే.

మా ఇళ్లలో పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోయినా మగ్గం ఖాళీ చెయ్యరు. పాత కొసలు ఉంచి, కొత్త పోగులను వాటికి ముడివేస్తారు. నేనూ అదే చేశాను. పోయిన వారం తీగల మీదే ఈ వారం తీగలు వేసుకుంటూ పోయాను. చివరకు పెట్టె ఒకటే కూత పెట్టి మొండికేసింది. అక్క తీగలన్నీ పీకేసింది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"ఏందక్కా గిట్ల చేసినవు? మంచి శబ్దం ఉండె అండ్ల."

"అది ఎట్లొచ్చిందో చెప్పు మరి."

పీకేసిన తీగలను అటూ ఇటూ తిప్పి చూశాను.

"తెలిస్తేనే అది నీది. మళ్ల ఖాళీ నుంచి మొదలువెట్టు."

ఖాళీ పెట్టె ముందు కూర్చోవడం నాకు నరకం. కాళ్లు ఊపేదాన్ని, నీళ్ల వంకతో లేచిపోయేదాన్ని. ఇంతలో ఆమెకు బదిలీ అయింది. ఈ విద్య నేర్పేవాళ్లు నాకు ఇంకెవరూ తెలియదు. పెట్టె కూడా ఆమెతోనే పోతుంది. వెళ్లేలోపు ఒక్క శబ్దమైనా నా అంతట నేను కట్టకపోతే, ఇక ఎప్పటికీ కట్టలేనని గుబులు పట్టుకుంది.

చివరి ఆదివారం సామాను ఎత్తించడానికి మా బాపు కూడా వచ్చాడు. నేను ఖాళీ పెట్టెతో మొదలుపెట్టాను. రెండుసార్లు తప్పింది. లేచిపోబోయి మళ్లీ కూర్చున్నాను. మూడోసారి సన్నటి గుంయిమనే శబ్దం పుట్టి, మెల్లగా విచ్చుకుని, ముడుచుకుంది. ఏ తీగ ఏం చేస్తోందో నాకు తెలుసు. అక్క కాసేపు విని, అలవాటుగా తీగలు పీకడం మొదలుపెట్టింది.

బాపు ఉండబట్టలేకపోయాడు. "అన్ని పీకుతున్నరేందమ్మా? జర ఒక కొసన్న ఉంచాలె గద. పొల్ల మళ్ల దేనికి ముడేస్తది?"

అక్క చెయ్యి ఆగింది. పసుపు తీగ ఒక్కటే మిగిలింది. ఆ పెట్టెను నా వైపు జరిపింది.

"మీ బాపు చెప్పింది నిజమే. ఈ పెట్టె నీ దగ్గరనే ఉండనీ."

ఇప్పటికీ పని ముగియగానే తీగలన్నీ పీకేస్తాను, ఆ ఒక్కటి తప్ప. అది ఆ రెండు రంధ్రాలను పట్టుకుని ఉన్నంతకాలం కొన్ని శబ్దాలు ఈ పెట్టెలో పుట్టవు. పుట్టకపోతే పోనీ.