సక్రు బొటనవేలు

జనగామ జిన్నింగు మిల్లులో పత్తి వేసే సక్రు, ఈ మధ్య బీడీ కాల్చేటప్పుడు కూడా కుడి బొటనవేలిని పిడికిట్లోనే దాచుకుంటున్నాడు. నెల కిందట, మూత లేని యంత్రం తోటి కూలీ బీక్యా చేతిని నలిపేసింది. "తాగి వచ్చిండు," అనేశాడు సేటు. అసలే ఎమర్జెన్సీ రోజులు. పేరు చెప్పే ధైర్యం లేక, సక్రు చదువొచ్చిన గోవర్ధన్‌తో ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకు ఆకాశరామన్న అర్జీ రాయించాడు.

"పేరే వద్దంటివి, మల్ల ముద్రెందుకురా?"

"ముద్ర లేకుంటే అబద్ధమనుకుంటరన్నా!" అంటూ సక్రు అర్జీ కింద బొటనవేలు అద్దాడు.

ఆ అర్జీ సంజాయిషీ కోసమని ఇన్‌స్పెక్టరు దగ్గర్నుంచి సేటు చేతికే వచ్చింది. ఈ పొద్దున ఆయన బల్లమీద సిరాడబ్బా తెరిచి పెట్టాడు.

"ఒక్కొక్కడొచ్చి బొటనేలు ముద్ర ఎయ్యుండ్రి."

వరుసలో సక్రుకు ముందు ఇద్దరే మిగిలారు. చెమటతో తడిసిన పిడికిలి విప్పి బొటనవేలిని ఒకసారి చూసుకున్నాడు. తర్వాత, ఇప్పటికీ మూత లేకుండానే తిరుగుతున్న ఆ యంత్రం వైపు చూశాడు.