కారు గీతలు తీసిన మా మేనత్త

మా మేనత్త పోయిందని కార్డు వచ్చింది. రాయదుర్గంలో మా ఇంటికి అది చేరేసరికి దహనం కూడా అయిపోయింది. రాసినవాడు ఆమె మరిది కొడుకు. ఏ రోజు పోయింది, కర్మ ఎప్పుడు, ఎవరెవరు వస్తున్నారు అన్నీ రాసి, చివర ఒక వాక్యం చేర్చాడు: 'పెద్దవాళ్ళంతా వస్తారు, ఆ కార్ల సంగతులు అక్కడ ఎత్తవద్దు.'

నేను గొంతెత్తి మాట్లాడే మనిషిని కాను. దేవుడి ముందు కూడా పెదవులతోనే చదువుకుంటాను. కర్మకు వెళ్ళాను. ఏమీ ఎత్తలేదు. ఆమె ఎంత పూజ చేసేదో, ఎంత అణకువగా ఉండేదో వాళ్ళు చెప్పుకుంటుంటే విని వచ్చాను. ఇంటికి వచ్చాక నామీద నాకే కోపం వచ్చింది. మా మేనత్త అణకువగా ఎప్పుడుంది? అందుకే వద్దన్న ఆ కార్ల సంగతులే రాస్తున్నాను.

మా మామ బెంగుళూరులో కార్లకు రంగు వేసే షెడ్డులో పనిచేసేవాడు. ఊపిరి జబ్బు చేసి అనంతపురం వచ్చేశాడు. ఇంటి ముందు కొట్టం వేసుకుని, కార్ల మీద పడిన గీతలు తీసే చిన్న పనులు పట్టాడు. చేతుల్లో సత్తువ లేదు. మంచం మీద కూర్చుని ఆయన చెబుతుంటే అత్త రుద్దేది. ఆయన పోయాక మంచం ఎత్తేశారు గాని, ఆమె పని ఎత్తేయలేదు. ఊరి మొత్తానికి కార్లు ఎన్ని ఉండేవని! డాక్టరుకొకటి, వకీళ్ళకు రెండు మూడు, మిల్లులవాళ్ళకు కొన్ని. కంబదూరు దారిలో తుమ్మకంపల మధ్య పోయివచ్చిన ప్రతి కారూ గీతలు పడే వచ్చేది. కొత్త రంగు కావాలంటే బెంగుళూరు పోవాలి. గీత పోతే చాలనుకుంటే మా అత్త గడపే గతి.

"మొగుడు పోయిన ఆడది వాకిట్లో మోటార్లు పెట్టుకోవడమేమి?" అని మా బంధువులు అనేవాళ్ళు. ఆ మాట అన్నవాళ్ళే బాడుగ కారు మీద తమ పిల్లలు మేకుతో గీసినప్పుడు సందు గుండా వచ్చి బతిమాలుకున్నారు.

కారు వస్తే ఆమె ముందు దాన్ని తాకేది కాదు. చుట్టూ తిరిగి చూసేది. తర్వాత నీళ్ళు పోసేది. "దుమ్మును నీళ్ళతో అడగాల, పొడిగుడ్డతో తన్నగూడదు. మన ఎర్రదుమ్ము ఉప్పుకాగితం కంటే చెడ్డది" అనేది. ఉప్పుకాగితమంటే కొయ్యను నునుపు చేసే గరుకు కాగితం. ఆ తర్వాత గీతకు అడ్డంగా గోరు నడిపించేది. గోరు జారిపోతే రుద్దితే పోయే గీత. తగులుకుంటే లోతు గాయం. దానికి వేపపుల్ల నమిలి కుంచెలా చేసి, రంగు చుక్కలు చుక్కలుగా నింపి, ఎండబెట్టి, సబ్బునీళ్ళలో నానిన అరిగిపోయిన ఉప్పుకాగితంతో సమం చేయాలి. పైన పాలిషు ముద్ద, ఆపైన మైనం. అంతా నీడలోనే. చేతిలోంచి గుడ్డ నేలమీద పడిందంటే దానికి అంటిన ఇసుక రేణువుకు భయపడి మళ్ళీ వాడేది కాదు. ధర్మవరం నుంచి వచ్చిన చుట్టాలావిడ ఒకసారి పట్టుచీర ముక్క ఇవ్వబోతే, "పట్టు మెత్తనే గాని జరీకి పండ్లుంటాయమ్మా" అని పక్కన పెట్టేసింది. ఉతికి ఉతికి మెత్తబడిన మామ పంచెలే ఆమెకు పనికొచ్చేవి.

ఒక కరువు సంవత్సరం ఆయుధపూజకు రెండు రోజుల ముందు, వేరుశనగ మిల్లు ఆసామి కారును తోలుకుని అతని డ్రైవరు వచ్చాడు. నేనప్పుడు అత్త ఇంట్లోనే ఉన్నాను.

"ఏమప్పా, మొగం అట్లుండాది?" అంది అత్త.

"కొంప మునిగింది పెద్దమ్మా. బానెట్టు చూడు."

నల్లటి బానెట్టు మసి గిన్నెలా ఉంది. వెలుగు పడితే సన్నని గీతలు, వేలకు వేలు.

"దేనితో రుద్దినారు?"

"చింతపండు, బూడిద. పూజకని ఇంట్లో దీపాలు, చెంబులు తోముతా తోముతా, కారుకూ పూజే గదా అని ఆసామి పెండ్లాము, ఆమె చెల్లెలు దీన్నీ తోమినారు. నేను నీళ్ళకు పోయి వచ్చేసరికి అయిపోయుండాది."

అత్త నవ్వు ఆపుకోలేకపోయింది. "ఇంత ఉప్పు కూడా ఏసుంటే చారయ్యుండు."

"నవ్వద్దు పెద్దమ్మా. నేనే తుడిచినానని చెప్పమంటాండారు. ముందున్న డ్రైవర్ను చక్రం మీది మడ్గారు సొట్టపోయిందని ఆ పొద్దే తరిమేసినాడు ఆసామి. ఇప్పుడు ఆసామి బెంగుళూరు పోయినాడు, ఎల్లుండి పొద్దున రైలుకు దిగుతాడు. ఈ కరువులో నాకింగెవరు పని ఇస్తారు? ఇద్దరు బిడ్లు."

అత్త కొంగు దోపుకుంది. దేవుడి పనుల్లో తప్పు జరగకూడదని నా భయం.

"అత్తా, అది పూజకు పెట్టే బండి. నువ్వు..." అని ఆగిపోయాను.

"చెప్పు, మొగుడు సచ్చినదానివి అని చెప్పు. నోరు తిరగల్యా? ఆ మాట తప్పని నీ నోటికి తెలుసు, నీకే తెలీలేదు. పో, ఆ బిందె ఎత్తుకొని రా."

బావి అడుగు కనిపిస్తున్న రోజులవి. రోజుకు ఇంటికి నాలుగు బిందెలని వీధిలో కట్టుబాటు. కారు మీద నీళ్ళు పోస్తుంటే ఎదురింటావిడ గడపలోకి వచ్చింది.

"తాగేకి నీళ్ళు లేక సస్తాంటే కారుకు తానమా అక్కా?"

"నా వంతు నీళ్ళు నా ఇష్టం. నాలుగు పొద్దులు నేను తానం చెయ్యను. కంపు కొడితే నీ తలుపేసుకో."

ఆవిడ తలుపు వేసుకోలేదు. సాయంత్రం చెప్పాపెట్టకుండా అర బిందె తెచ్చి కొట్టంలో పెట్టి పోయింది.

రెండు రోజులు రుద్దింది. బూడిదలో ఇసుక ఉన్నట్టుంది, రెండు చోట్ల గోరు తగులుకుంది. వాటికి పుల్లతో రంగు నింపింది. నేను గుడ్డలు తడిపి ఇచ్చాను. మూడో రోజు ఉదయానికి బానెట్టులో నా ముఖం కనిపించింది. ఎడమ మూల ఒక జానెడు మాత్రం అలాగే వదిలేసింది.

"అది మరిచినావత్తా."

"మరవలేదు. అది సాక్షి."

ఆసామి రైలు దిగి ఇంటికి పోయి, కారు ఎక్కడుందో కనుక్కుని అదే జట్కాలో ఇక్కడికి వచ్చాడు. దిగుతూనే, కారు తీసుకుపోవడానికి వచ్చి ఉన్న డ్రైవరు మీద పడ్డాడు. "యాడుండావురా? బండిని నాశనం చేసినావంటనే! నీకు లెక్క తేల్చి పంపిస్తా ఉండు."

డ్రైవరు తల వంచుకున్నాడు. అత్త ముందుకు వచ్చింది.

"ఇట్లరా అప్పా. వంగి చూడు. మీ డ్రైవరు తుడిచింది తలుపు మీద ఉండాది, నిలువుగా పోయింటాది. ఈ మూల చూడు, చుట్టలు చుట్టలు తిరిగింది. చెంబు తోమే చెయ్యి తిరిగినట్ల. ఈ సందులో బూడిదుండాది, చింతపండు నార ఉండాది. మీ డ్రైవరు ఏ చెంబులు తోముతాడో ఇంటికి పోయి అడుగు."

ఆసామి వంగాడు. వేలితో నార పీకి చూశాడు. తర్వాత ఏదో ఒకటి అనాలి కాబట్టి, "పూజబండిని నువ్వు తాకడమేంది?" అన్నాడు.

"నా చెయ్యి తగలంది ఆ జానెడే. అదే బాగుందంటే చెప్పు, బండంతా మల్లా అట్లే చేసిస్తా."

జట్కావాడు పకాలున నవ్వి, గుర్రం వైపు తిరిగి దగ్గాడు.

"సరే, సరే. ఆ జానెడూ తీసెయ్."

"తియ్యను. మల్లా ఎవురన్నా తప్పు ఈ పిల్లోని మీదికి తోస్తే చూపిచ్చేకి ఉండనీ."

ఆసామి వెనక సీటులో కూర్చుని తలుపు వేసుకున్నాడు. "తోలు, పూజకు పొద్దుపోతాంది" అన్నాడు డ్రైవరుతో. పని పోలేదని మాకు అర్థమయింది. డ్రైవరుకు అర్థం కావడానికి ఇంకొంచెం పట్టింది. తాళం చెవి రెండుసార్లు కింద పడేశాడు.

ఆ మధ్యాహ్నం కారు మళ్ళీ వచ్చింది. చక్రాలకు నిమ్మకాయ రసం, ముందు బంతిపూల దండ. డ్రైవరు ఒక్కడే ఉన్నాడు.

"ఆడ అందరూ బొట్టు పెట్టినారు పెద్దమ్మా. నువ్వొక్కదానివే పెట్టల్యా."

అత్త చేతులు కొంగుకు తుడుచుకుంటూ నిలబడిపోయింది. నేను లోపలికి వెళ్ళి, దేవుడి ముందున్న నా కుంకుమ భరిణె తెచ్చి మూత తీసి పట్టుకున్నాను. ఆమె నా ముఖంలోకి చూసింది. నేను చెయ్యి దించలేదు.

ఆమె వేలు ముంచి, మెరుస్తున్న చోటంతా వదిలి, ఆ జానెడు మూలలో గట్టిగా బొట్టు పెట్టింది. వాళ్ళింట్లో పెట్టిన కుంకుమ నున్నటి నలుపు మీద నిలవక, గాలికి అప్పటికే సగం రాలిపోయింది. గరుకు మూలలో ఈమె పెట్టింది మాత్రం గీతల్లోకి దిగి పట్టుకుంది. కారు వీధి మలుపు తిరిగేదాకా అది ఎర్రగా కనిపిస్తూనే ఉంది.